మూత విప్పితే మద్రాసు

కరెంటుకు ఒక శ్రుతి ఉంది. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలు తిరుగుతుంది. అది స్పీకరులోకి దూరి గుయ్యిమంటే, పియానో ఎడమవైపు అట్టడుగున ఉండే జి స్వరానికి (49 హెర్ట్జ్) కొంచెం పైగా, జి షార్ప్‌కు కొంచెం కిందగా వినిపిస్తుంది. పాత సింథసైజరు తెచ్చి నా బల్ల మీద పెట్టి "మాస్టారూ, గుయ్యిమంటోంది" అని ఎవరైనా అంటే, స్క్రూడ్రైవరు తియ్యకముందు పక్కనున్న చిన్న కీబోర్డు మీద జి పట్టుకుంటాను. గుయ్యి ఆ అడుగు స్థాయిలోనే ఉంటే చాలావరకు యంత్రం మంచిదే. ఎర్తింగులోనో, రెండు పరికరాల మధ్య లాగిన కేబులులోనో తేడా ఉంటుంది. సరిగ్గా ఒక స్థాయి పైన, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే మాత్రం మూత విప్పాల్సిందే. లోపలున్న నాలుగు డయోడ్లు కరెంటు అలలో కింది సగాన్ని కూడా పైకి తిప్పుతాయి కాబట్టి 50 కాస్తా 100 అవుతుంది. ఆ ఒడుదొడుకును నున్నగా చెయ్యాల్సిన పెద్ద కండెన్సరు ఎండిపోయిందని అర్థం.

ఇది ఏ ఊళ్లోనైనా చెల్లే పాఠం. మద్రాసులో దీనికి ఇంకో కోణం ఉంది. 1990లలో దక్షిణాది గ్రిడ్డు మీద భారం ఎక్కువై ఫ్రీక్వెన్సీ తరచూ 49 కిందికి జారిపోయేది. 2003 జనవరి 1న ఇక్కడ కొత్త విద్యుత్ టారిఫ్ పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పడిపోయిన వేళ కేటాయింపుకు మించి వాడుకునే రాష్ట్రం ఎక్కువ డబ్బు కట్టుకోవాల్సి వచ్చేది. దాంతో గ్రిడ్డు 50కి చేరువగా నిలబడసాగింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డులో కలిసింది. అంచేత ఒక పాత టేపులో, పాట సన్నబడి ఆగిపోయే చోట, హెడ్‌ఫోన్లో లీలగా వినబడే హమ్ జి కంటే కింద ఉంటే, టేపు వేగం సరిగ్గా ఉందని తేల్చుకున్నాక, ఆ రికార్డింగు ఏ రోజులదో ఒక ఊహ చెయ్యవచ్చు. నేర పరిశోధనలో ఆడియో నిపుణులు చేసే పని ఇదే.

మన సినిమా పాట చరిత్రను పాడినవాళ్ల పేర్లతో, బాణీ కట్టినవాళ్ల పేర్లతో రాసుకున్నాం. అది న్యాయమే. కానీ 1970ల చివరినుంచి ఆ పాటను మోసిన యంత్రాల లోపల ఇంకో చరిత్ర టంకంతో రాసి ఉంది. ఏ యంత్రం ఏ దారిన వచ్చింది, ఏ వోల్టేజీ మీద కాలింది, ఎవరి చెయ్యి దాన్ని మళ్లీ నిలబెట్టింది, అన్నీ ఆ బోర్డుల మీదే కనిపిస్తాయి. చదివేవాళ్లు తక్కువ. నా వంతుగా చదివినంత చెబుతాను.

మాది గూడూరు. 1984లో మద్రాసు వచ్చాను. మా మేనమామకు మౌంట్ రోడ్డు వెనక రిచీ వీధిలో టీవీ సర్వీసు ఉండేది. మామయ్య రేడియోలతో మొదలుపెట్టిన మనిషి. వాల్వు రేడియో పోయి ట్రాన్సిస్టరు వచ్చినప్పుడు కొంతకాలం చేతిలో పని తగ్గిందట. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలవగానే మళ్లీ ఊపిరి ఆడింది. డయనోరా, సాలిడేర్ టీవీలు ఈ ఊళ్లోనే తయారయ్యేవి. వాటికి సర్వీసు చేసే కుర్రాళ్లు వందల్లో పుట్టుకొచ్చారు. సర్క్యూటు బొమ్మ చదవడం, సీఆర్ఓ (ఆసిలోస్కోపు) తెర మీద అలను చూసి ఎక్కడ తెగిందో చెప్పడం టీవీయే నేర్పింది. స్టూడియోలలోకి జపాను సింథసైజర్లు దిగే వేళకు వాటిని విప్పగలిగిన చేతులు రిచీ వీధిలో సిద్ధంగా ఉన్నాయి. ఇది కలిసొచ్చిన విషయమే అయినా చాలా పెద్ద విషయం.

అహ్మదాబాదు సంగతి దీని పక్కన పెట్టి చూడాలి. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ సింథసైజరు పెట్టి స్టూడియో తెరిచాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి వంటివాళ్లు దానిమీద పనిచేశారు. వాళ్లు చేసిన టేపులు దశాబ్దాల పాటు బీరువాల్లో ఉండిపోయి ఈమధ్యే బయటికొచ్చాయి. అది గొప్ప ప్రయోగం, కొన్నేళ్లలోనే ఆగిపోయింది. మద్రాసు యంత్రాలకు ఆగిపోయే వెసులుబాటు లేదు. ఉదయం కాల్షీటుకు నలభైమంది వయొలిన్లతో కూర్చుని ఉంటారు, రికార్డింగు థియేటరు అద్దె గంటల లెక్కన పడుతుంది, గాయకుడు ఇంకో పాటకు పరుగెత్తాలి. యంత్రం పలకకపోతే అంతా ఆగుతుంది. ఆ ఒత్తిడే ఇక్కడ మరమ్మతును ఒక వృత్తిగా నిలబెట్టింది.

సింథసైజరు రాకముందే ఎలక్ట్రానిక్ శబ్దం ఇక్కడికొచ్చింది. 1947లో ఫ్రాన్సులో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారుచేసిన క్లావియొలిన్ ఒకసారికి ఒక్క స్వరమే పలికే వాల్వు వాద్యం. 1954లో బొంబాయిలో ‘నాగిన్’ కోసం కల్యాణ్‌జీ పాము బూరను పలికించింది దానిమీదే. దాని ఇంగ్లీషు తమ్ముడు జెన్నింగ్స్ వాళ్ల యూనివాక్స్. మద్రాసు ఆర్కెస్ట్రాలకు ఈ పేరు బాగా అలవాటు. తర్వాత ట్రాన్సిస్టర్లతో నడిచే కాంబో ఆర్గాన్ వచ్చింది. వాల్వు వాద్యాలు చెడితే రేడియో మెకానిక్కే దిక్కు. ఆ వాద్యంలో ఉన్నవీ రేడియోలో ఉన్నవీ ఒకే జాతి వాల్వులు, ఒకే రకం హెచ్‌టీ (హై టెన్షన్) లైను, ఒకే మైనపు కాగితపు కండెన్సర్లు. మామయ్య అలాంటి వాద్యాన్ని బాగుచేసిన రోజులు చెబుతూ, "తెరిచే ముందు వాసన చూడరా అబ్బాయ్. కాలిన వాసన ఎక్కడుందో సగం పని అక్కడుంది" అనేవాడు. సగం పని అని ఎందుకన్నాడో నాకు తర్వాత అర్థమైంది. కాలిన రెసిస్టెన్సు మార్చేస్తే పని అయిపోదు. దాన్ని కాల్చినది దానికి ముందో వెనకో ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే కొత్తదీ కాలుతుంది.

వడపళని, సాలిగ్రామం, కోడంబాకం వైపు నేను తిరగడం మొదలుపెట్టేసరికి ఆ చుట్టుపక్కల పెద్ద రికార్డింగు థియేటర్లలో తెలుగువాళ్లు కట్టినవి చాలా ఉన్నాయి. నాగిరెడ్డిగారి విజయా–వాహిని, ఎల్.వి. ప్రసాద్‌గారి ప్రసాద్, తన తొలి గురువు ఎస్.పి. కోదండపాణి పేరుతో బాలసుబ్రహ్మణ్యంగారు పెట్టిన కోదండపాణి స్టూడియో. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణ తెరిచాక సినిమా షూటింగులు అటు జరుగుతూ వచ్చాయి. పాట మాత్రం 1990లలో కూడా చాలాకాలం ఇక్కడే రికార్డయింది. వాయించేవాళ్లు ఇక్కడ, థియేటర్లు ఇక్కడ, చెడితే చూసేవాళ్లూ ఇక్కడ. ఈ మూడోదాన్ని ఎవరూ కారణంగా చెప్పరు. నేను చెబుతాను, ఎందుకంటే హైదరాబాదు నుంచి రైలెక్కి నా దగ్గరికి వచ్చిన కీబోర్డులు చాలా ఉన్నాయి.

యంత్రం వచ్చిన దారిని దాని ట్రాన్స్‌ఫార్మరు చెబుతుంది. 1991కి ముందు విదేశీ వాద్యం తెప్పించుకోవాలంటే లైసెన్సు కావాలి, విదేశీ మారకం కావాలి, పైన సుంకం. అందువల్ల చాలావరకు మనుషుల సామానుతో పాటు వచ్చేవి. కచేరీ ట్రూపులతో సింగపూరు వెళ్లినవాళ్లు, గల్ఫులో పనిచేసేవాళ్లు తెచ్చేవారు. సింగపూరులో కొన్నది మన వోల్టేజీకి సరిపోయేది. జపానులోనే అమ్మకానికి చేసినది 100 వోల్టులది. దాన్ని నేరుగా 230లో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం. ఎవరైనా ఆ ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరు కాలి, రెగ్యులేటర్లు షార్టయి, ఐసీలదాకా పాకేది.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వాడితే సరిపోయేదే. అయితే థియేటరు హడావుడిలో ఎవడో ఒకడు దాన్ని మరిచి గోడ ప్లగ్గులో గుచ్చేవాడు. అందుకే మా వీధిలో రీవైండింగు చేసేవాళ్లు లోపలి ట్రాన్స్‌ఫార్మరునే 230కి చుట్టి ఇచ్చేవారు. లెక్క తేలిక. 100 వోల్టుల ప్రైమరీలో 460 చుట్లు ఉంటే 230కి 1058 కావాలి. అదే చోటులో అన్ని చుట్లు పట్టాలంటే తీగ సన్నబడాలి, కరెంటు కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి సన్నదైనా తట్టుకుంటుంది. జపాను సరుకుకు ఇంకో సుగుణం ఉంది. ఆ దేశంలో తూర్పున 50 హెర్ట్జ్, పడమట 60 హెర్ట్జ్ కరెంటు. టోక్యోలోనూ ఒసాకాలోనూ నడవాలి గనక వాళ్లు ట్రాన్స్‌ఫార్మరు ఇనుమును 50కి సరిపడా వేసేవారు. అమెరికాలో 60కి మాత్రమే లెక్కకట్టి చేసిన సరుకు మన 50 మీద నడిస్తే ఇనుము సంతృప్తమై వేడెక్కేది. వోల్టేజీ సరిచేసినా వేడి పోని అమెరికన్ యంత్రాలు చూశాను. మొత్తం ట్రాన్స్‌ఫార్మరే మార్చాల్సి వచ్చేది.

ఈనాటికీ పాత కీబోర్డు విప్పి, లోపల పసుపు వార్నిష్ పట్టిన ట్రాన్స్‌ఫార్మరు మీద పెన్నుతో రాసిన చుట్ల లెక్క చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఆ పని చేసినవాళ్లలో చాలామందికి సింథసైజరు అంటే ఏమిటో తెలియదు. ఇనుము తెలుసు, తీగ తెలుసు. వాళ్లు చుట్టినవి ముప్పై ఏళ్ల తర్వాత కూడా నడుస్తున్నాయి.

మొదటిసారి కరెంటు ఇవ్వడానికి మేం పట్టే పద్ధతి రేడియో కాలంనాటిదే. యంత్రానికి వరసలో ఒక 100 వాట్ల బల్బు కలుపుతాం. లోపల షార్టుంటే బల్బు పూర్తిగా వెలిగి కరెంటును తనే ఆపుకుంటుంది, యంత్రం బతికిపోతుంది. సన్నగా ఎర్రబడి ఆగితే ముందుకు సాగవచ్చు. తర్వాత మీటరు పట్టుకుని లైన్లు చూడాలి: ప్లస్ 15, మైనస్ 15, ప్లస్ 5. ఈ మూడూ సరిగ్గా లేకుండా వేరే ఎక్కడా చెయ్యి పెట్టకూడదు. మైనస్ 15 పోయిన యంత్రం ఎన్ని రకాలుగా పిచ్చిగా ప్రవర్తిస్తుందో చూస్తే, ప్రతి బోర్డూ పోయిందని భ్రమ కలుగుతుంది. ఒక రెగ్యులేటరు మారిస్తే అన్నీ తేరుకుంటాయి.

శ్రుతి తప్పడం వేరే రోగం. వోల్టేజీతో శ్రుతిని నడిపే పాత అనలాగ్ యంత్రాల్లో ఒక వోల్టుకు ఒక స్థాయి లెక్క. ఆ లెక్కను కుదిర్చే ట్రాన్సిస్టరు జంట గుణం ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి దాదాపు 0.33 శాతం. తక్కువలా కనిపిస్తుంది. ఐదు స్థాయిల ఎత్తున వాయించే స్వరానికి లెక్క కడితే డిగ్రీకి అర్ధస్వరంలో ఐదో వంతు. మే నెల అగ్నినక్షత్రం ఎండలో వరండాలో ఉంచిన పెట్టెను ఏసీ థియేటరులోకి తెస్తే పది డిగ్రీలకు పైగా తేడా. దిద్దుబాటు లేకపోతే పై స్వరాలు పూర్తి స్వరం మేర తప్పుతాయి. దిద్దుబాటుకోసం ఆ జంటకు ఆనించి, వేడితో పాటు అదే నిష్పత్తిలో విలువ పెరిగే ప్రత్యేకమైన రెసిస్టెన్సు పెడతారు. రెండూ అంటుకుని ఉండేందుకు మధ్యలో తెల్లటి పేస్టు రాస్తారు. మద్రాసు వేడికి ఆ పేస్టు ఎండి రాలిపోతే రెసిస్టెన్సు గాలిని కొలుస్తుంది, ట్రాన్సిస్టరును కాదు. అప్పుడు యంత్రం కాలిపోయినట్టు ఏమీ కనబడదు, మీటరు ఏ తప్పూ చెప్పదు. ఒక పెద్ద కీబోర్డు వాద్యకారుడు నాతో, "బాబూ, దీనికి సాయంత్రం పూట జ్వరం వస్తోందయ్యా" అన్నారు. రోగ నిర్ణయం అంతకంటే చక్కగా ఎవరూ చెయ్యలేరు. సాయంత్రాలు ఆ థియేటరులో ఏసీ ఆపి కరెంటు పొదుపు చేసేవాళ్లు.

డగ్ కర్టిస్ చేసిన సీఈఎం 3340 ఐసీ ఈ దిద్దుబాటును తనలోనే పెట్టుకుని వచ్చాక బాధ చాలా తగ్గింది. 1981 నాటి రోలాండ్ జూపిటర్-8లో ఉన్నది అదే. బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ ఆ జూపిటర్‌తో, టీబీ-303 బాసు, టీఆర్-808 డ్రమ్ము యంత్రాలతో పది రాగాల డిస్కో రికార్డు చేసింది 1982లో. మద్రాసులో వాటికి ఆల్బములు పుట్టలేదు, పాటల మధ్య వచ్చే ఇంటర్లూడులు పుట్టాయి. మా చెవులకు ఈ శబ్దాన్ని అలవాటు చేసినవి చక్రవర్తిగారి డిస్కో పాటలు, ఇళయరాజాగారి ఆర్కెస్ట్రాలో విజి మాన్యుయేల్ వాయించిన కీబోర్డులు.

1983 చాలా మార్చింది. ఆ ఏడాది మిడి అనే ఉమ్మడి భాష వచ్చింది, ఒక కంపెనీ కీబోర్డు నొక్కితే ఇంకో కంపెనీ యంత్రం పలికింది. అదే ఏడాది యమహా డీఎక్స్-7 వచ్చింది. స్టాన్‌ఫర్డులో జాన్ చౌనింగ్ కనుక్కున్న ఎఫ్ఎం పద్ధతికి యమహా లైసెన్సు తీసుకుని చేసిన యంత్రమది. అందులో శ్రుతి వేడికి జారదు, అన్నీ అంకెలే. పదహారు స్వరాలు ఒక్కసారే పలుకుతాయి. గాజు గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానో శబ్దం, టంగుమనే బాసు, 1980ల చివరి తెలుగు పాటల్లో మీరు ఎక్కడ విన్నా దాని చేయి ఉందేమో చూడండి. 1986లో ఇళయరాజాగారు ‘పున్నగై మన్నన్’కి (తెలుగులో ‘డాన్స్ మాస్టర్’) కంప్యూటరుతో సంగీతం చేయించారు. రాజ్–కోటి జంట తెలుగులో కీబోర్డు శబ్దాన్ని ముందుకు తెచ్చి నిలిపింది. ఈ రెండు చోట్లా, రమేశ్ నాయుడుగారి దగ్గరా కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్, తర్వాత ఏ.ఆర్. రహమాన్. తండ్రి ఆర్.కె. శేఖర్ 1976లో పోయాక ఆ ఇల్లు ఆయన వాద్యాలను అద్దెకిచ్చి నడిచింది. అద్దె వాద్యానికి చెడిన రోజు కూలి లేదు. ఆ ఇంటి కథ వినే ప్రతిసారీ, ఆ రోజుల్లో ఆ వాద్యాలను నడిచే స్థితిలో ఉంచిన అనామక మెకానిక్కులు నాకు గుర్తొస్తారు.

డీఎక్స్-7లో లోపం శబ్దంలో రాదు, జ్ఞాపకంలో వస్తుంది. లోపల 32 శబ్దాలు దాచుకునే మెమరీని, ప్లగ్గు తీసినప్పుడు నాణెమంత లిథియం బ్యాటరీ ఒకటి కాపాడుతుంది. 3 వోల్టుల సీఆర్ 2032. సాకెట్టు లేదు, బోర్డుకే టంకం వేసి ఉంటుంది. ఏళ్లకు ఏళ్లు పనిచేస్తుంది కాబట్టి అందులో బ్యాటరీ ఉందనే ఎవరికీ తెలియదు. అది రెండు వోల్టుల దగ్గరికి దిగాక ఒక ఉదయం యంత్రానికి కరెంటు ఇస్తే పేర్ల చోట పిచ్చిరాతలు కనబడతాయి. ఫ్యాక్టరీ శబ్దాలు కార్ట్రిడ్జితో తిరిగి ఎక్కించవచ్చు. వాద్యకారుడు తను రాత్రులు కూర్చుని చెక్కుకున్న శబ్దాలు మాత్రం పోయినట్టే. ఫలానా పాటలో ఫలానా వేణువులాంటి శబ్దం మళ్లీ ఎవరూ పలికించలేకపోవడానికి కొన్నిసార్లు కారణం ఇంత చిన్నది. ఆ 32 శబ్దాలూ కలిపి 4,096 బైట్లు. ఇప్పుడు ఫోనులో తీసే ఒక ఫోటోలో అలాంటి మూటలు వందలు పడతాయి. మిడి కేబులు పెట్టి ముందే దించుకుని ఉంటే నిలిచేవి. అందుకే నా దగ్గరికి డీఎక్స్-7 ఏ పనికి వచ్చినా, విప్పకముందు ఆ శబ్దాలను దించి వాళ్ల చేతికిస్తాను. అడగకపోయినా ఇస్తాను.

బ్యాటరీ ఇంకోలా చంపిన యంత్రం కోర్గ్ పాలీసిక్స్. 1981 నాటిది. దాంట్లోది నికెల్–కాడ్మియం బ్యాటరీ, తిరిగి చార్జి అవుతుంది. వయసుమళ్లాక దాని నుంచి క్షారం కారి కింద ఉన్న బోర్డు మీద సన్నటి రాగి దారులను తినేస్తుంది. కేఎల్ఎం-367 అనే ఆ బోర్డు ప్రపంచమంతా ఇలాగే పోయింది. మన ఊళ్లో సముద్రపు తేమ దానికి తోడై మరింత వేగంగా పోయింది. ఆకుపచ్చగా పొడి పట్టిన చోట ముందు వెనిగరుతో క్షారాన్ని విరగ్గొట్టి, నీటితో కడిగి, ఆల్కహాలుతో ఆరబెట్టి, తెగిన ప్రతి దారినీ భూతద్దం కింద సన్న తీగతో కలుపుకుంటూ పోవాలి. ఇలాంటి బోర్డు ఒకటి పూర్తయితే కలిగే సంతోషం కొత్త యంత్రం కొన్నా నాకు కలగదు.

జూనో-106 గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1984 నాటి రోలాండ్ యంత్రం, ఆరు స్వరాలు, శుభ్రమైన ధ్వని, అందుకే ట్రూపులవాళ్లకు ఇష్టం. అందులో ఒక్కో స్వరానికి 80017ఏ అనే చిన్న గుళిక. ఐసీలనూ రెసిస్టెన్సులనూ చిన్న పలక మీద కూర్చి పైన నల్లటి ఎపాక్సీలో ముంచి చేశారు. ఆ పూతే కాలం గడిచేకొద్దీ లోలోపల కరెంటును లీకు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక స్వరం చరచరలాడుతుంది, లేదా మీట నొక్కిన ఆరుసార్లలో ఒకసారి నోట్ మింగేస్తుంది. వాయించేవాడికి ఏ మీట చెడిందో అంతుబట్టదు, ఎందుకంటే చెడింది మీట కాదు. యంత్రం ఆరు స్వరాలను వంతులవారీగా మీటలకు పంచుతుంది కాబట్టి లోపం ప్రతిసారీ వేరే మీట దగ్గర బయటపడుతుంది. ఎంతమంది మీటలన్నీ కడిగించుకుని, కాంటాక్టులు మార్పించుకుని డబ్బు వృథా చేసుకున్నారో! ట్రాన్స్‌పోజ్ మీట నొక్కిపట్టి కరెంటు ఇస్తే యంత్రం పరీక్ష పద్ధతిలోకి వెళ్లి, ఏ స్వరం పలుకుతోందో తెర మీద అంకె చూపిస్తుంది. ఆరూ వింటే దొంగ దొరుకుతాడు. ఆ గుళికను జాగ్రత్తగా ఊడదీసి అసిటోనులో నానబెడితే పూత మెత్తబడి వలిచినట్టు వస్తుంది. చాలాసార్లు గుళిక బతుకుతుంది. ఈ వైద్యం లోకానికంతటికీ తెలిసేసరికి ఆలస్యమైంది. అప్పటికే మద్రాసులో ఎన్నో జూనోలు పాత ఇనుము కింద పోయాయి. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే.

మీటల దగ్గర లోపం మద్రాసుకు ప్రత్యేకం. బలాన్ని బట్టి పలికే కీబోర్డులో ఒక్కో మీటకు రెండు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి తగిలి రెండోది తగిలేలోపు పట్టిన కాలాన్ని కొలిచి యంత్రం బలాన్ని లెక్క వేస్తుంది. ఒకదాని మీద ఉప్పుగాలి పొర పడితే లెక్క తప్పుతుంది, మెల్లగా తాకినా అరుస్తుంది, లేదా అసలు పలకదు. దీనికి పాతకాలంలో పెట్రోలుతో తుడిచేవాళ్లు, అది రబ్బరును ఉబ్బిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూలుపోగు వదలని గుడ్డ, ఓపిక, ఇంతకు మించి అక్కర్లేదు.

2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు పొంగి అశోక్ నగర్, జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట వైపు ఇళ్లు మునిగినప్పుడు వచ్చిన యంత్రాలు వేరు. బురదతో నిండి వచ్చాయి. చాలామంది నీళ్లు తీసి ఎండలో ఆరబెట్టి వెంటనే ప్లగ్గు పెట్టి చూశారు. అక్కడ పోయాయి. నీళ్లు చంపవు, నీళ్లతో వచ్చిన ఉప్పూ బురదా కరెంటుతో కలిసి చంపుతాయి. ప్లగ్గు పెట్టకుండా తెచ్చినవాటిని ఫ్యాక్టరీలో బోర్డులు కడిగినట్టే డిస్టిల్డ్ వాటరుతో కడిగి, ఆల్కహాలులో ముంచి, రోజుల తరబడి ఆరనిచ్చి, ఒక్కొక్క లైను పరీక్షించుకుంటూ లేపాను. ఆ వారంలో వచ్చినవాటిలో కొన్ని పెద్ద పాటలకు పలికిన కీబోర్డులు. యజమానుల పిల్లలు తెచ్చారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు అప్పటిదాకా ఆ పెట్టెలో ఏముందో మూత తీసి చూడలేదు.

1992లో ‘రోజా’ వచ్చేసరికే దారి మారింది. రహమాన్ కోడంబాకంలో ఇంటి పెరట్లోనే పంచతన్ రికార్డ్ ఇన్ పెట్టుకున్నారు. అలా థియేటరు గదిగా మారింది. నలభైమంది ఎదురుచూడటం పోయింది, రాత్రంతా ఒకరే పని చేసుకోవడం వచ్చింది. ఆపై శబ్దాలు కంప్యూటరులోకి వెళ్లిపోయాయి. పెద్ద కీబోర్డులు అటకెక్కాయి, పాత సామాను కింద అమ్ముడయ్యాయి. రిచీ వీధి సెల్‌ఫోన్ల వీధయింది. రీవైండింగు చేసే మనుషులు వయసై ఊళ్లకు వెళ్లారు. విజయా–వాహిని చోట ఆసుపత్రి, మాలు లేచాయి.

అయితే గత కొన్నేళ్లుగా కుర్రాళ్లు ఈ యంత్రాలకోసం మళ్లీ వెతుకుతున్నారు. సీఈఎం 3340ను 2016లో కర్టిస్ సంస్థే తిరిగి చేసింది. లాత్వియాలో దానికి సమానమైనది ఒకటి తయారవుతోంది. ఒకప్పుడు దొరకదని వదిలేసిన ఐసీ ఇప్పుడు పోస్టులో వస్తుంది. దొరకనిది ఈ యంత్రం మద్రాసులో ఎలా బతికిందన్న సమాచారం. ఎందుకంటే ఇప్పుడు బాగుచేసేవాళ్లు ముందు చేసే పని పాతవన్నీ పీకేసి, అసలు ఫ్యాక్టరీలో ఉన్నట్టు చెయ్యడం. వాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ 1986లో ఎవరో జపాను ట్రాన్సిస్టరు దొరక్క, కాళ్లు వంచి అమర్చిన బెంగుళూరు బీఈఎల్ ట్రాన్సిస్టరు ఇప్పటికీ పనిచేస్తుంటే దాన్ని ఎందుకు తియ్యాలి? నేను తియ్యను.

మీ ఇంట్లో, మీ తాతగారి పెట్టెలో అలాంటిది ఉంటే ఈ నాలుగూ చేయండి. తెలిసినవాళ్లు పరీక్షించేదాకా ప్లగ్గు పెట్టకండి. మూత విప్పాక ఏదీ కదపకముందు అన్ని వైపులా ఫోటోలు తీయండి. మిడి ఉన్న యంత్రమైతే, నడుస్తున్నంతసేపే శబ్దాలు దించుకోండి. మార్చిన ప్రతి భాగాన్నీ ఒక కవరులో పెట్టి, తేదీ, ఏ లైనులో ఎంత వోల్టేజీ చూపింది, ఏ లోపం కనబడింది అని పెన్సిలుతో రాసి, ఆ కవరును యంత్రం లోపలే అంటించి మూత బిగించండి.